గుప్పెడు నూకల బేరం

యాంగోన్, సేక్కాన్ రేవు దగ్గర్నుంచి

తిట్లలో ఎవరికీ తీసిపోని మా దుర్గాంబక్కకి తమ్ముడు సత్తిబాబు దండాలు పెట్టి రాసేది.

నువ్వు రంగూన్ అనే ఊరే ఇది. ఫోన్ చేస్తే నా నవ్వు నీకు వినపడిపోతాది. అందుకే ఉత్తరం. మన భీమిలి డాక్టర్లు వంతులవారీగా వచ్చి పోతున్నారు కదా, వాళ్ళ చేతికిస్తున్నాను.

ఈ పిల్లల ఆస్పత్రిలో జనరేటరు చూసుకోడానికని నన్ను వాలంటీరుగా తెచ్చారా! అది మొదటిరోజే బాగుపడిపోయింది. ఇప్పుడు నా డ్యూటీ వేరు. పొద్దున్నే పిల్లలందరికన్నా ముందు నేను సూది కుర్చీలో కూర్చోవాలి. నర్సు పద్మిని సూది లేని సిరంజి చూపిస్తాది. నేను "అమ్మోయ్, అక్కోయ్" అని గోలపెట్టి ఏడుస్తాను. ఇంత మీసాలోడు ఏడుస్తుంటే పిల్లలు ఏడుపు మానేసి నవ్వుతారు. ఐదో క్లాసులో బడి మానేసినోడికి ఇంతకన్నా పెద్ద ఉద్యోగం ఏటి కావాలి?

ఇట్లు
నీ సత్తిబాబు

తా.క. చెప్పడం మరిచాను. నిన్న ఇక్కడో పసిపిల్లని కొన్నాను. పళ్ళు నాలుగే. అందుకే చవగ్గా వచ్చింది.

*

భీమిలి

ఏభై దాటినా బుద్ధి రాని సత్తిగాడికి అక్క రాసేది.

మనుషుల్ని కొనడం ఏట్రా? సేవ చేసి రమ్మని పంపిస్తే సంత చేస్తావా? నీ ఉత్తరం పట్టుకుని ప్లీడరు ధర్మారావు గారింటికి పరిగెత్తాను. పరాయి దేశంలో ఇలాంటి పని చేస్తే జైలే అన్నారు. ఆ తల్లి ఎంత ఏడుస్తోందో! ముందు పిల్లని ఇచ్చెయ్. లేదంటే పడవెక్కి నేనే వస్తాను. పాస్‌పోర్టు లేకపోయినా వస్తాను.

కోపంతో
అక్క

తా.క. నాలుగు పళ్ళంటే పది నెల్లుంటాయి. నీ మీసాలు గుచ్చుకుంటాయి, తీయించెయ్. ఉయ్యాలకి మెత్తటి పాత చీర పంపుతున్నాను.

*

యాంగోన్

జైలుకి పంపాలని చూస్తున్న అక్కకి కాబోయే ఖైదీ దండాలు.

చీర అందింది. మీసాలు తియ్యను. పిల్లకి పేరు కూడా పెట్టేశాను, పెంటమ్మ.

చావు కూడా ముక్కు మూసుకుని పక్కనుంచి పోవాలని మనోళ్ళు పెట్టే పేరు. చదవగానే నీకు అర్థమైపోయుంటాది. ఇంక ఆట చాలక్కా. ఆ తల్లి మణిమాల. నదికి అవతల దలాలో ఉంటాది. ముత్తాతలు మనవైపు నుంచి రేవులో కూలికి వచ్చినోళ్ళు, అచ్చం మన మాటే. పిల్లకి ఊపిరితిత్తుల జబ్బు. మందు ఎక్కుతుండగానే పిల్లని ఎత్తుకుని ఇంటికి పోతానని లేచింది. డాక్టర్లు ఎంత చెప్పినా వినలేదు. చివరికి నా చెయ్యి పట్టుకుంది.

"బావూ, నా సేతిలో ఇద్దరు పోనారు. ఇదీ నా పిల్లే అయితే నాకు దక్కదు. నువ్వు కొనుక్కో. నీదైపోతే ఇక్కడే వొగ్గేస్తాను."

వంటింట్లోంచి గుప్పెడు నూకలు తెచ్చి ఆమె కొంగులో పోశాను. పిల్లని నా చేతుల్లో పెట్టింది. అలా ఆస్పత్రిలో ఉండిపోయిందక్కా. కానీ ఇంకా తేరుకోలేదు, పాలు సరిగ్గా తాగట్లేదు. కొన్నోడి గుండె ఎలా కొట్టుకుంటాదో నీకేం తెలుస్తాది? నువ్వెప్పుడూ ఎవర్నీ కొనలేదు కదా.

నీ సత్తి

తా.క. ఈ పొద్దున కుర్చీలో నేను ఏడిస్తే పిల్లలు ఎప్పటికన్నా ఎక్కువ నవ్వారు. అది నటన కాదని ఎవరికీ తెలీదు.

*

భీమిలి

ఒరే సత్తీ,

తిట్లన్నీ నువ్వొచ్చేదాకా దాచిపెట్టాను. నూకలు వంటింటివైతేనేం, పోసిన చెయ్యి నీది. అందరూ వినేలా "నా పిల్ల" అను. గట్టిగా అను. డాక్టర్నడిగి, పాలు చెంచాతో కొంచెం కొంచెం పట్టించు. తేరుకున్నాక మణిమాల నూకలు పట్టుకుని వస్తాది. అప్పుడు ఇచ్చెయ్యాలిరా. కొన్నోళ్ళకి అదే కష్టం.

దేవుడికి దీపం పెట్టి కూర్చున్న
అక్క

తా.క. ధర్మారావు గారికి సంగతి చెప్పాను. నూకలిచ్చి కొంటే ఏ శిక్షో పుస్తకాల్లో లేదట. ముక్కు చీదుకుంటూ వెతికారు.

*

యాంగోన్

పెంటమ్మ మేనత్తకి శుభవార్త.

తేరుకుంది! ముందు పాలు తాగింది, తర్వాత నా మీసం పట్టుకుని ఊగింది. తీయించనందుకు ఇప్పుడైనా మెచ్చుకో.

నిన్న మణిమాల దలా పడవ దిగి, కొంగులో నూకలతో వచ్చింది. నేను ఊరుకుంటానా? "రేటు పెరిగింది, గుప్పెడు చాలదు" అన్నాను.

"ఎంతేటి?"

"బస్తా."

"బస్తా పోస్తే ఈ మీసాలోడు కూడా వచ్చేస్తాడేటి?" అంది.

ఆస్పత్రంతా ఒకటే నవ్వు. ఆమె నవ్వగా చూడ్డం నాకదే మొదలు. మరేం చేస్తాను, ఇచ్చేశాను. పిల్ల రోజూ నా చొక్కా తడిపేసేది. ఇవాళ పొద్దుట్నుంచీ పొడిగా ఉంది. ఏటో బాగోలేదక్కా.

నీ సత్తి

తా.క. ఆ నూకలు జావ కాచి వార్డంతా పోశాను. మరీ వేడిగా ఉందని చెప్పి నేను మాత్రం తాగలేదు.

*

భీమిలి

నా సత్తికి,

నేనెవర్నీ కొనలేదని రాశావు. కొన్నానురా.

మనిద్దరి మధ్యా పుట్టినవాళ్ళు అమ్మకి దక్కలేదు. నువ్వు పుట్టి ఏడాది నిండకుండానే నీకూ జ్వరం పట్టుకుంది. నేనప్పుడు పరికిణీలు కట్టుకునే పిల్లని. నా బొమ్మలాటలోని నూకలు తీసుకుని అమ్మ నిన్ను నా ఒళ్ళో పెట్టింది. నీకు తగ్గాక నూకలు పట్టుకొచ్చి అడిగింది. నేనివ్వలేదు. నిన్ను లాక్కుని మంచం కింద దూరి కూర్చున్నాను. అమ్మ వంగి చూసి, "సరేలేవే, ఉంచుకో" అంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

అందుకే నిన్ను తిట్టేది నేను. నీ చొక్కా సంగతి నాకు అర్థమైంది. నువ్వెళ్ళినప్పట్నుంచీ ఈ ఇల్లూ అలాగే పొడిగా ఉంది. నువ్వు నాకంటే గొప్పోడివిరా, ఇచ్చేశావు.

నిన్ను కొనుక్కున్న
అక్క

తా.క. అప్పుడు నీకు నేను పెట్టిన పేరు కాగితం మీద రాయను. తెచ్చే డాక్టరు చదివాడంటే మర్నాటి నుంచి పిల్లలు నువ్వు ఏడవకముందే నవ్వుతారు. ఇంటికి రా, చెవిలో చెబుతాను.