బోర్లపడని పిల్ల మంచం మీద నుండి పడిన విషయము

నెల్లికుదురు మండలం,
మహబూబాబాద్ జిల్లా.

బాలల సంరక్షణ అధికారి గారి సముఖమునకు,
అంగన్‌వాడీ టీచర్ రాములమ్మ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఐదు నెలల పాప రూప ఒంటి మీది దెబ్బల గురించి, తమరు స్వయముగా వచ్చి చూడవలెనని కోరుట గురించి.

1. నేను ఇరవై రెండేళ్లుగా మా ఊరి కేంద్రంలో పిల్లలను తూకం వేయుచున్నాను. గత నెల తూకం రోజున రూప తల్లి గీత, పాప ఎడమ జబ్బకు పసుపు పట్టించి తెచ్చినది. ఏమైనదని అడుగగా, "మంచం మీదికెల్లి పడ్డది టీచరమ్మా" అన్నది. నేను అదే మాట రిజిస్టరులో వ్రాసి, తూకం వేసి పంపితిని. ఇది నా తప్పు.

2. సదరు తప్పు మూడు రోజుల తరువాత అన్నం తినేటప్పుడు తెలిసివచ్చినది. మా వైపు బిడ్డ బోర్లపడితే వాడకట్టంతా బూరెలు పంచుతారు. రూప పేరున ఒక్క బూరె కూడా ఎవరింటికీ రాలేదు. బోర్లపడటమే రాని పిల్ల, పెట్టిన చోటే ఉండే పిల్ల, మంచం మీద నుండి ఎట్లు పడును?

3. వెంటనే వారింటికి పోయి పసుపు కడిగి చూడగా, జబ్బకు ఒకవైపు నాలుగు వేళ్లు, రెండోవైపు బొటనవేలు అచ్చుపడి ఉన్నవి. చెవి వెనుక కమిలి ఉన్నది. గీత తలుపు దగ్గరికి వేసి చెప్పిన మాట ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాను. "నేను మిర్చి ఏర పోత. పిల్ల ఏడుపు ఆపకుంటే ఆయనకు కోపమొస్తది, గట్టిగ పట్టి ఊపుతడు. ఎవ్వలకు చెప్పకు టీచరమ్మా, నేనేడికి పోవాలె?"

4. ఆమె భర్త లక్ష్మణ్‌తో, "ఏడుపు ఆగకుంటే పిల్లను చాపల పండుకోబెట్టి నువ్వే బయటికి పో కొడుకా. ఏడిస్తే ఏం కాదు, ఊపితే పానం పోతది" అని చెప్పితిని. "నా బిడ్డను నేను కొడ్తనా?" అని ముఖం తిప్పుకున్నాడు. ఈ నెల తూకానికి పసుపు కాలికి వచ్చినది. దవాఖానకు పోదామంటే గీత రానన్నది. రిజిస్టరులో బరువుకు గడి ఉన్నది, ఎత్తుకు గడి ఉన్నది, దెబ్బకు లేదు. పక్కన ఖాళీలో వ్రాసితిని. అయ్యా, నాకు అలుపొచ్చింది. ఇప్పుడు ఏ పిల్లను ఎత్తుకున్నా ముందు జబ్బలే చూస్తున్నాను.

5. కావున పాపను డాక్టరుకు చూపించి, తల్లీబిడ్డలను స్టేషన్ ఘన్‌పూర్‌లోని గీత తల్లిగారింట్లో కొన్నాళ్లు ఉంచే ఏర్పాటు చేయవలెను. లక్ష్మణ్‌ను పిలిపించి మాట్లాడవలెను. బోర్లపడని పిల్ల ఒంటి మీద దెబ్బ కనిపిస్తే తూకం ఆపి అడగమని నాలాంటి వారందరికీ చెప్పవలెను. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఆలోచించలేదు.

తీరిక దొరికినప్పుడు కాక, తీరిక చేసుకొని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రాములమ్మ

తా.క.: ఈ కాగితం మడిచి పట్టుకొని బస్సు కోసం నిలబడితే గీత ఎదురొచ్చింది. "మా రూప బోర్లపడ్డది టీచరమ్మా" అని నవ్వుకుంట రెండు బూరెలు చేతిలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఇగ పిల్ల మంచం మీదికెల్లి పడ్డదంటే అందరు నమ్ముతరు సార్. ఏమని అడగాలె నేను? జర ఇయ్యాల్నే రండి.