వంటామె ఎప్పుడు తింటుంది?

అమ్మా,

నువ్వు కూరగాయలు తరుగుతుంటే నేను చదివి వినిపించిన ఆ జమీందారు నవల గుర్తుందా? దాన్ని ఇప్పుడు అందులోని వంటామె వైపు నుంచి ఎవరో మళ్ళీ రాశారు. నిన్న మారతహళ్ళి ట్రాఫిక్‌లో, ఆఫీసు బస్సులో కూర్చుని పూర్తి చేశాను.

అప్పట్లో అధ్యాయం అయిపోయినప్పుడల్లా నువ్వు ఒకటే అడిగేదానివి: "అందరికీ పెడతానే ఉండాది. ఆయమ్మ ఎప్పుడు తింటాదప్పా?"

కొత్త పుస్తకంలో ఆమెకు పేరుంది, కోపముంది, ప్రేమ కూడా ఉంది. తిన్నట్టు మాత్రం ఎక్కడా లేదు. వెతికి వెతికి నాకే నీరసం వచ్చింది.

ఈరోజు నీ సంవత్సరీకం. సెలవు పెట్టి, నీకిష్టమైనవన్నీ వండి, మేమెవరం ముట్టకముందే నీకు ఆకు వేశాం.

మన ఇంట్లో అందరికంటే ముందు నీకు వడ్డించడం ఇదే మొదటిసారి.