కదలకుండా మూడు సెకన్లు

జూన్ 3

ఈ రోజు పాపను దగ్గరగా చూడనిచ్చారు. గాజు పెట్టెలో ఉంది. పెట్టె మీద దుప్పటి కప్పారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఇంకా కడుపులో ఉన్నట్టే చీకటిగా ఉండాలట. అందుకని ఆ వార్డులో పట్టపగలు కూడా లైట్లు తగ్గించి ఉంచుతారు. కళ్ళు అలవాటు పడేదాకా గోడ తడుముకుంటూ నడిచాను.

ముక్కులో గొట్టం, కాలికి వైరు. తల మీద పెట్టిన టోపీ నా పిడికిలికి కూడా చాలదు. చూస్తూ నిలబడ్డాను. ముట్టుకోవచ్చా అని అడగడానికి కూడా నోరు రాలేదు.

మా ఆయనకి చికెన్‌పాక్స్. ఇంట్లో గది తలుపు వేసుకుని పడుకున్నారు. అత్తయ్య దగ్గరుండి చూసుకుంటోంది. పొక్కులన్నీ ఎండి రాలేదాకా ఆయన ఆసుపత్రి గేటు కూడా దాటకూడదట. నాకు చిన్నప్పుడే వచ్చిపోయింది కాబట్టి నన్ను రానిస్తున్నారు.

ఫోన్ చేసి పాప ఎలా ఉంది, ఎవరి పోలిక అని అడిగారు. చిన్నగా ఉందండీ అన్నాను. చిన్నగా ఉంటుందని నాకూ తెలుసులే, ఒక ఫోటో తీసి పంపు అన్నారు.

ఆయన పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్. నేను బుద్ధెరిగాక ఒక్క ఫోటో తీసి ఎరగను. ఎవరైనా తీస్తుంటే తల దించేసుకుంటాను. మన పెళ్ళి ఆల్బంలో నీ ముఖం లేదు, అంతా నీ పాపిడే అని ఆయన ఇప్పటికీ ఏడిపిస్తారు.

జూన్ 4

సిగ్గుతో చచ్చిపోయాను.

ఫోన్ ఎత్తి నొక్కానో లేదో ఫెళ్ళున మెరుపు. వార్డంతా తెల్లబడిపోయింది. పాప రెండు చేతులూ గాల్లోకి విసిరి ఉలిక్కిపడింది. ఫ్లాష్ అనేది దానంతటదే వస్తుందని నాకేం తెలుసు?

పెద్ద సిస్టర్ గబగబా వచ్చింది. చొక్కాకి తలకిందులుగా గడియారం తగిలించుకుని తిరుగుతుందే, ఆవిడ. కేకలు వేయలేదు, అదొకటి నయం. గొంతు తగ్గించి, ఏమ్మా, కళ్ళు కూడా విప్పని పిల్ల నెత్తిన పిడుగు వేస్తావా అంది. తల్లులందరూ నా వైపు చూశారు.

ఆయనకి చెప్పలేదు. సిగ్నల్ లేదన్నాను.

జూన్ 5

అక్క క్యారియర్ తెచ్చింది. నా ముఖం చూసి విషయం లాగేసింది. నేరుగా సిస్టర్ దగ్గరికి వెళ్ళి, మా చెల్లికి నోట్లో నాలుక లేదండీ, పుట్టినప్పటినుంచీ దాని తరఫున నేనే మాట్లాడుతున్నాను, తండ్రి పిల్లని కళ్ళారా చూడలేదు, ఒక్క ఫోటో తీసుకోనివ్వండి అంది. సిస్టర్ సరే అంది. ఫ్లాష్ ఉండకూడదు. శబ్దం రాకూడదు. పెట్టె కిటికీ తెరవకూడదు. ఫోన్ స్పిరిట్‌తో తుడిచి ప్లాస్టిక్ కవరులో పెట్టుకోవాలి. అదీ పాల వేళకి లోపలికి పిలిచినప్పుడే.

ఆయనకి చెబితే ప్రాణం లేచొచ్చింది. పడుకున్న మనిషి లేచి కూర్చున్నారని అత్తయ్య చెప్పింది. ఇక మొదలుపెట్టారు. వెలుతురు తక్కువైతే కెమెరా ఎక్కువసేపు కన్ను తెరిచి చూస్తుందట. ఆ కాసేపూ నా చెయ్యి వణికిందా, అంతా అలికినట్టు వస్తుందట. మోచేతులు పెట్టె అంచుకి ఆనించు. ఊపిరి వదిలేసి, మళ్ళీ పీల్చకముందే నొక్కు. వేళ్ళతో సాగదీసి బొమ్మని దగ్గరికి లాగకు, నువ్వే దగ్గరికి వెళ్ళు. ముందు పాప ముఖం మీద వేలితో తాకు, పక్కన చిన్న సూర్యుడొస్తాడు, వాణ్ణి కొంచెం కిందికి దించు, లేకపోతే పాప కింద పరిచిన తెల్లగుడ్డ వెలుతురంతా తినేస్తుంది. నైట్ మోడ్ పెడితే మూడు అంకె కనిపిస్తుంది. ఆ మూడు సెకన్లు ఇల్లు కూలినా కదలకు.

నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. పెళ్ళయ్యాక ఆయన నాతో ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు.

అన్నీ చెప్పినట్టే చేశాను. అంతా పొగ.

జూన్ 6

పొద్దున్నుంచి ఫోన్‌లో ఒకటే గొడవ. సూర్యుణ్ణి దించావా అంటారు. దించానంటాను. మోచేతులు ఆనించావా అంటారు. ఆనించానంటాను. మరి ఎందుకిలా వస్తోందే అని ఆయన గొంతు బొంగురుపోయింది. నాకు ఏడుపొచ్చింది.

అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుని చూసి, ఇది ఫోటోనా, వానలో బస్సు అద్దమా అంది. అప్పుడు కవరు మీద వేలితో రుద్ది, పడీపడీ నవ్వింది.

కవరు సంగతి ఆయనకి నేను చెప్పనే లేదు. అడిగితే కదా చెప్పేది!

అక్క ఫోన్‌లో చెప్పాక ఆయన కూడా నవ్వారు. ఏమైందిరా అని అత్తయ్య అడగడం వినిపించింది. నీ కోడలు కెమెరాకి ముసుగేసి ఫోటోలు తీస్తోందమ్మా అన్నారు. నేనూ నవ్వాను. ఇక్కడికి వచ్చాక మొదటిసారి.

లెన్స్ ఉన్నంత మేర కవరుకి చిల్లు పెట్టుకోమంది సిస్టర్. కత్తెర కూడా ఆవిడే ఇచ్చింది.

జూన్ 7

ఇప్పుడు గాజులో నా ముఖమే పడుతోంది. పాప పొట్ట మీద నా ముక్కు.

నల్లటి గుడ్డ ఏదైనా కప్పుకుని, ఫోన్ గాజుకి పూర్తిగా ఆనించి తీయమన్నారు ఆయన. అక్క తన నల్ల శాలువా ఇచ్చింది. తల మీంచి పెట్టె మీదికి కప్పుకున్నాను. నా ముఖం మాయమైంది. శాలువా లోపల నేనూ పాపా ఇద్దరమే. పొట్ట చిన్న పిట్టకి కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. నోరు తెరిచి మూసింది. నాతో ఏదో అన్నట్టే ఉంది.

ఫోటో తీయడం మర్చిపోయాను. సిస్టర్ వచ్చి భుజం తట్టింది, టైం అయిపోయిందని.

జూన్ 8

డాక్టరు గారు పిలిచారు. పాప మధ్యమధ్యలో ఊపిరి తీసుకోవడం మర్చిపోతోందట. అప్పుడు మానిటర్ మోగుతుంది, మా వాళ్ళు గుర్తు చేస్తారు అన్నారు. ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదట. బతుకుతుందా అని అడగాలని గుమ్మం దాకా వెళ్ళి ఆగాను. డాక్టరు గారే చూసి, ఇప్పుడే ఏమీ చెప్పలేమమ్మా అన్నారు. తల ఊపి వచ్చేశాను.

ఫోటోలు ఈ రోజు బాగా వచ్చాయి. పెట్టె మూల స్క్రూ కనిపిస్తోంది. గొట్టం మీద అంకెలు చదవొచ్చు. టోపీ కుట్లు కూడా. పాప మాత్రం తడిగుడ్డతో తుడిచినట్టుంది. చేతులకి వేళ్ళు లేవు, పొగ ఉంది.

ఆయన చాలాసేపు చూసి, నీ చెయ్యి ఇప్పుడు కుదిరింది, తప్పు నీది కాదు, పాప కదులుతోంది అన్నారు. కదలకుండా ఉండే మూడు సెకన్లు దొరికేదాకా కాచుకుని కూర్చోమన్నారు. ఎన్ని మసకగా వచ్చినా పరవాలేదు, ఒక్కటైనా క్లియర్‌గా ఉండాలి, ఒకవేళ, అని ఆగిపోయారు.

ఒకవేళ తర్వాత ఏమిటని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఫోన్ మాత్రం ఇద్దరం పెట్టేయలేదు.

జూన్ 9

పొద్దున వెళ్ళేసరికి పక్క పెట్టె ఖాళీగా ఉంది. ఒకమ్మాయి లోపల తుడుస్తోంది. దుప్పటి మడతపెట్టి పైన పెట్టారు.

మధ్యాహ్నం ఆ పెట్టెలో ఉన్న బాబు వాళ్ళమ్మ బయట బెంచీ మీద నా పక్కన వచ్చి కూర్చుంది. ఇన్నాళ్ళూ మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. మీరు రోజూ ఫోటోలు తీస్తారు కదా, వాటిలో మావాడు ఎక్కడైనా పడ్డాడేమో చూస్తారా అని అడిగింది. ఇంటికి తీసుకెళ్ళాక బాగా తీద్దామనుకున్నారట.

అన్నీ వెతికాను. ఒకదానిలో, మూలగా, పక్క పెట్టె అంచు పడింది. అందులో ఒక పాదం. అదీ మసకే. ఆమె ఆ పాదాన్ని వేళ్ళతో పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూసింది. ఇదే, ఇది వాడిదే అంది.

పంపించాను. ఏదో ఒకటి అనాలి కదా. ఆమె వెళ్ళిపోయాక, ఎవరూ లేని బెంచీకి చెప్పాను, బాధపడకండి అని.

జూన్ 10

పిలిచినప్పుడల్లా తీశాను. కదులుతూనే ఉంది. ఒక్కటీ రాలేదు.

జూన్ 11, మధ్యాహ్నం

వచ్చింది.

వరసగా రాస్తాను. లేకపోతే రాయలేను.

శాలువా కప్పుకున్నాను. మోచేతులు ఆనించాను. ముఖం మీద వేలు పెట్టి సూర్యుణ్ణి దించాను. ఊపిరి వదిలి నొక్కాను. మూడు, రెండు, ఒకటి. ఫోటో చూస్తే గుండె ఆగినంత పనైంది, అంత బాగుంది. కనురెప్పల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. పెదవి మీద గీతలు. చిటికెన వేలికి గోరు. గోరు ఉందని నాకిప్పటిదాకా తెలియదు. ముక్కు ఆయనదే. ఆయనకి చెప్పాలి, మీ పోలికేనండీ అని.

ఫోటోనే చూసుకుంటున్నాను. పాపని చూడలేదు.

మానిటర్ మోగింది. శాలువాలో ఉన్నాను కాబట్టి అది ఎక్కడో దూరంగా మోగుతున్నట్టుంది. తల ఎత్తేసరికి సిస్టర్ నన్ను పక్కకి నెట్టి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, పాప అరికాలి మీద వేలితో కొట్టింది. మళ్ళీ కొట్టింది. పాప నీలంగా ఉంది. మళ్ళీ కొట్టింది. అప్పుడు పొట్ట ఒక్కసారి ఎగిరిపడింది. సన్నగా, పిల్లికూనలా ఏడ్చింది.

సిస్టర్ గడియారం చూసి కాగితం మీద ఏదో రాసుకుంది. కంగారు పడకమ్మా, ఇలాంటి పిల్లలకి ఇది మామూలే అంది.

ఆ కాసేపూ నేనేం చేశాను? కేక వేయలేదు. కిటికీ తెరవలేదు. ఫోన్ కదలకుండా పట్టుకుని నిలబడ్డాను.

జూన్ 12

అన్నీ మసక. అవే పంపాను.

జూన్ 13

ఆయనకి కోపం వచ్చింది. ఇన్ని రోజుల్లో మూడు సెకన్లు దొరకలేదా, సరిగ్గా చూస్తున్నావా అసలు, పోనీ మీ అక్కకివ్వు అన్నారు. కాసేపటికి మళ్ళీ తనే చేసి, నీ మీద కాదే, ఇక్కడ పడుకుని నేను చేయగలిగింది ఇదొక్కటే, అందుకని అన్నారు. అది నాకు తెలుసు. ఈ కెమెరా మంచిది కాదండీ అన్నాను.

ఆ ఫోటో పంపలేను. తీసేయలేను. వేలు తగిలి ఎక్కడ కనిపిస్తుందోనని ఫోన్ తెరవడానికే భయంగా ఉంది.

జూన్ 15

ఆయన వచ్చారు. ముఖమంతా మచ్చలు. ఏం మరిదిగారూ, చిరుతపులి వచ్చిందని గేటు దగ్గర ఆపేశారటగా అంది అక్క. ఆయన నవ్వలేదు. పెట్టె ముందు నిలబడి చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయారు. కెమెరా భుజానే ఉంది.

తర్వాత సిస్టర్‌ని అడిగి, కెమెరా తుడిపించి, మోచేతులు ఆనించారు. నాకు చెప్పినట్టే ఊపిరి వదిలారు. వేలు బటన్ మీద ఉంది. పాప చెయ్యి ఆడిస్తోంది. ఆయన కాచుకున్నారు. కాలు ఆడించింది. కాచుకున్నారు. ఒక్కసారి ఆగమ్మా, నా తల్లీ, ఒక్క మూడు సెకన్లు కదలకుండా ఉండవూ అని గొణుగుతున్నారు.

నేను లెన్స్‌కి చెయ్యి అడ్డం పెట్టేశాను.

నేను ఆయన కెమెరా ముట్టుకోవడం ఇదే మొదటిసారి. ఏంటిది అన్నట్టు చూశారు. బయటికి తీసుకెళ్ళి, బెంచీ మీద కూర్చోబెట్టి, ఫోన్‌లో ఆ ఫోటో తీసి ఇచ్చాను. అబ్బా అన్నారు. నువ్వే తీశావా, ఫోకస్ చూడు ఎంత బాగా కుదిరిందో, నా ముక్కే, ఇది దాచుకుని ఆ చెత్తంతా పంపావేం అన్నారు. కళ్ళు మెరుస్తున్నాయి.

అప్పుడు ఊపిరి లేదండీ, అందుకే క్లియర్‌గా వచ్చింది అన్నాను.

ఫోన్ ఆయన చేతిలోనే ఉండిపోయింది. వెలుగు ఆరిపోయినా దాన్నే చూస్తున్నారు.

మళ్ళీ లోపలికి వెళ్ళాం. కెమెరా మీద చక్రం తిప్పి, ఈసారి మూడు కాదు, పది సెకన్లు తెరిచి ఉంచుతాను అన్నారు. పది సెకన్లలో ముఖమే రాదు కదండీ అన్నాను. రాకూడదు అన్నారు. ఆ పది సెకన్లూ నేను పొట్టనే చూశాను. ఎగిసింది, పడింది, ఎగిసింది. ఫోటోలో టోపీ ఉంది. టోపీ కింద తెల్లటి పొగ ఉంది. దీన్ని ఫ్రేమ్ కట్టిస్తా అన్నారు. అది వేళాకోళమో ఏడుపో నాకు తెలియలేదు.

డాక్టరు గారు ఆయనకి కూడా అదే చెప్పారు. ఇప్పుడే ఏమీ చెప్పలేమని.

జూన్ 16

పొద్దున. మసక.

మధ్యాహ్నం. మసక.

సాయంత్రం. ఇంకా లోపలికి పిలవలేదు. ఫోన్ తుడుచుకుని ఇద్దరం కూర్చున్నాం.