మూడో గేమ్‌ప్యాడ్ వాపసు

అల్లుడుగారూ,

పదకొండింటికి కొరియరతను వస్తాడు. మీరు వాపసు పంపమన్న గేమ్‌ప్యాడ్ డబ్బా గుమ్మం పక్కన పెట్టాను. కూర పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకోండి. నేను కుట్టుషాపుకి వెళ్తున్నాను.

ఇది మూడోది. మొదటిదానికి బటన్లు గట్టిగా ఉన్నాయన్నారు. వైరు లేనిదానికి, నొక్కిన కాసేపటికి గానీ బొమ్మ దూకడం లేదన్నారు. దీనికేమో కిందికి నొక్కితే పక్కకి పోతోందట. ఎమ్యులేటరని ఏదో పెట్టి, కంప్యూటర్లో మీ చిన్నప్పటి వీడియోగేమ్ ఆడతానని కూర్చుని నెలైంది. రివ్యూలన్నీ చూశారు గానీ రెండో స్టేజీ దాటలేదు. భోజనాల బల్ల నిండా వైర్లే. నేను కంచం ఒళ్లో పెట్టుకుని తింటున్నాను. అమ్మాయి మిమ్మల్ని ఏమీ అనదు, నాకేమో మీ ముఖం చూసి అనడానికి నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

ఇంకోమాట. నిన్న మీరు స్నానానికి వెళ్లినప్పుడు, ఆ పనికిరానిదానితోనే నేను రెండో స్టేజీ దాటేశాను. ముప్పై ఏళ్లుగా సన్నగుడ్డ కుడుతున్న చేతులు గనక చెప్తున్నాను, బొటనవేలు ఆనించాలి, పొడవకూడదు. డబ్బా పంపుతారో మానేస్తారో మీ ఇష్టం. సేవ్ చేసి పెట్టిన నా ఆట మాత్రం చెరపకండి.