మా ఇంట్లోంచి పోయే దారి

పట్టణ ప్రణాళికా కార్యాలయంలో నక్షాలు గీసి రిటైరై, వెనక పేటవాళ్ళ నోట గుమ్మం అమ్మగా మిగిలిన నేను, డెబ్బై నాలుగో ఏట, దిండ్లకు ఆనుకుని, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. చెడిపోయింది కాలేయమే గానీ బుర్ర కాదని డాక్టరుగారు వేరే కాగితం మీద రాసిచ్చారు. దాన్ని దీనికి జతచేశాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. బతిమాలుతున్నది నేనే. ఉన్నదంతా నా స్వార్జితం. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా తమ్ముడి భార్యకు, అంటే మా మరదలికి అప్పగిస్తున్నాను. ఆవిడ బడి నడిపిన మనిషి. ఎదుటివాళ్ళు ఎంత అరిచినా తను గొంతు పెంచదు.

1. ఆస్తి, దాని హద్దులు. కాలనీలో నేనుంటున్న ఇల్లు. తూర్పున ఒకప్పుడు పిల్లలాడుకున్న ఖాళీ స్థలం, ఇప్పుడు కార్లు ఆగే చోటు. పడమర పక్కింటివారి ప్రహరీ. దక్షిణాన కాలనీ వీధి, అది దాటితే బజారు, బడి, ఆసుపత్రి. ఉత్తరాన కాలనీ సంఘం కట్టిన గోడ, దానిమీద గాజు పెంకులు, దానవతల వెనక పేట. ఆ గోడ నా పెరటి గుమ్మం దగ్గర మాత్రం ఆగింది, ఎందుకంటే ఆ గుమ్మం నాది. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఉన్న హాలులోంచే వెనక పేట మొత్తం వచ్చిపోతుంది. ఇది కాకుండా వాళ్ళకున్నది లారీల రోడ్డొక్కటే. దానికి కాలిబాట లేదు. కిందటి ఏడాది దానిమీద ఇద్దరు పోయారు.

2. హాలులో దారి ఏమిటని అడిగేవాళ్ళ కోసం. ఈ కాలనీని మేం కొందరం సహకార సంఘంగా ఏర్పడి కట్టుకున్నాం. నక్షా నేను గీశాను. ఇంటింటికీ ప్రహరీ వద్దనుకున్నాం. వంటగది కిటికీ వీధివైపు ఉండాలనుకున్నాం, ఎవరి పొయ్యి వెలగలేదో పక్కవాళ్ళకు తెలియాలని. మనుషులు మంచివాళ్ళు కాబట్టి గోడలు అక్కర్లేదని కాదు, గోడలు లేకపోతే మంచివాళ్ళవుతారని నమ్మాం. వయసు అలాంటిది.

వెనక పేటకు ఒక సందు వదిలాం. ఎదురెదురుగా ఒక మంచం మోసేవాళ్ళు, ఒక సైకిలూ తిట్టుకోకుండా దాటిపోయేంత వెడల్పు. తీరా రిజిస్ట్రేషనుకు వెళితే ప్లాట్లకే గాని సందులకు నంబరు ఉండదన్నారు. నంబరు లేని నేల ఎవరిదీ కాదు, ఎవరిదీ కానిది చివరికి పక్కవాడిదవుతుంది. అందరం కూర్చుని ఆలోచించి ఆ సందును నా ప్లాటులో కలిపి, పైన కప్పు వేసి, కాగితాల మీద హాలు అని రాయించాం. "మీ ఇంట్లో ఉంటే భద్రమండీ, మీరెక్కడికి పోతారు?" అన్నారు. ఎక్కడికి పోతానో ఒక్కరికీ తట్టలేదు. ఇన్ని లెక్కలు వేసినవాళ్ళం, మనిషి చచ్చిపోతుందన్న లెక్క మరిచిపోయాం.

3. కాలనీ సంఘం అధ్యక్షులకు, నేను వెనకాల గొళ్ళెంగారు అని పిలుచుకునేవారికి: నా ఇత్తడి తాళం, ఎన్నడూ వాడనిది. తాళంచెవి ఎక్కడో పోయింది. వీధి మలుపులో మేం పోయించిన సిమెంటు అరుగు మీద ఈయన ఇరవై ఏళ్ళు సాయంత్రాలు కూర్చుని పేపరు చదివారు. ఆ తర్వాత "ఎవరెవరో కూర్చుంటున్నారండీ" అని దాన్ని ఈయనే కొట్టించేశారు. ఆ మాట నాకింకా మండుతూనే ఉంది.

4. వెనక పేటలో బట్టలు కుట్టే అమ్మాయికి: నా నక్షాల బల్ల. గుడ్డ పరిచి కత్తిరించుకోవడానికి సరిపోతుంది. రోజూ ఈ హాలులోంచి వెళుతూ నా గది దగ్గర ఆగి, "అమ్మా, తిన్నావా?" అని అడిగి గాని కదలదు. నేను పోయిన రోజే, నలుగురూ ఏడుస్తున్నప్పుడే, బల్ల పట్టుకుపొమ్మని మనవి. మొహమాటపడితే దానికీ గోడే అడ్డం వస్తుంది.

5. మా అమ్మాయికి: ఇంట్లో రెండు పడక గదులు, వంటగది, మేడ, నా గాజులు, నా పెన్నులు, స్కేళ్ళు, సర్వహక్కులతో. అదీ ఇళ్ళు గీస్తుంది. దాని గీత నా గీత కంటే శుభ్రంగా ఉంటుంది, ఒప్పుకుంటున్నాను. పెద్ద గేటు, గేటు లోపల తోట, తోటలో ఒక్కళ్ళూ కూర్చోని బెంచీలు, అలాంటివి గీసి పేరు తెచ్చుకుంది. పైన చెప్పిన గోడ గీసిందీ అదే. మొన్న నా కాలి గోళ్ళు తీస్తూ, "అమ్మా, నువ్వున్నన్నాళ్ళూ ఆ తలుపు జోలికి రాను. ఆ తర్వాత మూయించేస్తాను. నీతో అబద్ధం చెప్పలేను" అంది. చెప్పి, తీస్తున్న గోళ్ళు తీయడం పూర్తి చేసింది. దాని మీద నాకు కోపం లేదు. భయం ఉంది. అది మాట తప్పే పిల్ల కాదు.

6. నేనేమీ చేయలేదని ఎవరూ అనుకోకండి. హాలును మునిసిపాలిటీకి దానమిస్తానని తిరిగాను. ఇంటి లోపలి గదిని రోడ్డుగా తీసుకునే పద్ధతి లేదన్నారు. కాలనీ మీటింగులో చేతులు జోడించాను. తలా ఒక కప్పు టీ తాగి వెళ్ళిపోయారు. ప్లీడరుగారిని పిలిపించాను. ఆయన అంతా విని, "మీరు ప్రేమగా వెళ్ళనిచ్చారు చూడండి, అందుకే అది వాళ్ళ హక్కు కాలేదమ్మా. మీరు అడ్డుపడి, వాళ్ళు తిరగబడి నడిచుంటే ఈపాటికి హక్కయ్యేది" అన్నారు. ఆయన వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను. ఇన్నేళ్ళు తలుపు తీసిపెట్టి వాళ్ళకు నేను చేసింది మేలో కీడో తెలియలేదు.

మంచం మీంచి నాకు హాలు కనిపిస్తుంది. ఇది రాస్తుండగానే ఒకాయన కట్టు కట్టిన కాలుతో, కొడుకు భుజం పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. నేను పోయాక ఆయన కట్టు మార్పించుకోవడానికి ఎటునుంచి వెళతాడు?

7. కాబట్టి హాలు. పైన చెప్పిన హాలును, దాని కింద నేలతో, పైన కప్పుతో, రెండు గుమ్మాలతో సహా, మా అమ్మాయికి ఇచ్చిన భాగం నుంచి వేరుచేసి, ఈ కింది వారందరికీ సమాన అవిభాజ్య వాటాలుగా రాసిస్తున్నాను. నేను పోయేనాటికి వెనక పేటలో కాపురముండే ప్రతి కుటుంబానికీ ఒక వాటా. కాలనీలో ప్రతి ఇంటికీ ఒక వాటా, గొళ్ళెంగారితో సహా. మా అమ్మాయికి ఒకటి. మా తమ్ముడికి ఒకటి. వాడు పెళ్ళి భోజనంలో ఉప్పు సరిపోయిందని కూడా ఏనాడూ ఒప్పుకున్నవాడు కాదు.

ఎవరి వాటా ఎక్కడుందో ఎవరూ చూపించలేరు. అందరికీ అంతటా హక్కే. అమ్మాలన్నా, పంచాలన్నా, తలుపు మూయాలన్నా అందరి సంతకాలూ కావాలి. నా ఉద్యోగమంతా ఇలాంటి ఉమ్మడి స్థలాలను తిట్టుకుంటూనే గడిపాను. మేం గీసిన పార్కులు పోయాయి, చెరువులు పోయాయి, దావాలో ఉన్న స్థలాలు మాత్రం తాతల నాటి నుంచీ అలాగే ఉన్నాయి, జనం వాటిలోంచి అడ్డంగా నడిచిపోతూనే ఉన్నారు.

మీరంతా కలిసిమెలిసి ఉండాలని ఒక ఊరు గీశాను. కుదరలేదు. ఇక నాకు మిగిలిన ఆశ మీ తగవులే. కోర్టుకు వెళ్ళండి, వాయిదాలు తెచ్చుకోండి, ఒకరి మొహం ఒకరు చూసుకోకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ ఒక్క విషయంలో మాత్రం రాజీపడకండి.

జూన్ పద్నాలుగో తేదీన, పట్టపగలు, తెలివితో ఉండి చేసిన సంతకం:
(సంతకం) గుమ్మం అమ్మ

మా ఎదుట ఆవిడ సంతకం చేయగా చూసి సంతకం చేసిన సాక్షులం:
1. వైద్యం చేస్తున్న డాక్టరు
2. బజారులో మందుల షాపు యజమాని
ఇద్దరమూ వేరే పేటలవాళ్ళం. ఆ హాలులో మాకు వాటా లేదు.