పైకొచ్చినంక మిస్డ్ కాల్

బాపూ,

ఈ పొద్దున బూట్లు దులిపితే నాడాల నుంచి ఎర్రటి దుమ్ము రాలింది. నీ బూట్ల నుంచి నల్లగా రాలేది.

ఆఫీసు పని మీద అమెరికా వచ్చాను. సెలవు పెట్టి, ఎనిమిది మంది గుంపుతో ఎడారి లోయలు, నేషనల్ పార్కులు తిరుగుతున్నాను. నువ్వు పోయినప్పటి నుంచి ఎక్కడా కుదురుగా కూర్చోలేకపోతున్నాను. సంచిలోని పుస్తకం మూడో పేజీ దాటలేదు.

నిన్న మా గైడ్ లోయలోకి దిగుదామంది. భయమున్నవాళ్లు వ్యానులోనే ఉండొచ్చంది. అంచు దగ్గరికే పోని నేను ఉండిపోతాననే అందరూ అనుకున్నారు. అవ్వకు ఫోన్ చేశాను.

"పైనుంచే చూసి రా బిడ్డా. బొగ్గుబాయిల దిగిన పెనిమిటి కోసం ఇన్నేండ్లు వాకిట్ల నిలబడ్డ. ఇంక నాతోని కాదు."

"ఇది బాయి కాదవ్వా. పైనంతా ఆకాశమే."

"గాలాడుతదా?"

"మస్తు ఆడుతది."

"అయితే పైకొచ్చినంక మీ బాపు లెక్క మిస్డ్ కాల్ ఇయ్యి. మర్చిపోయినవో, నీ సంగతి చెప్త!"

దిగాను. గైడ్ రాళ్ల పొరలు చూపించి ఏదో చెబుతోంది. నువ్వైతే ముందు చెయ్యి పెట్టి చూసేవాడివి. నేనూ పెట్టాను. వేడిగా ఉన్నాయి.

పైకి రాగానే అవ్వకు ఫోన్ కొట్టాను. మొదటి రింగుకే కట్ చేసింది, నీకు చేసినట్టే.

ఇవాళ ఇంకో పార్కు. అక్కడి లోయలోకీ దిగాలని అందరికంటే ముందు వచ్చి వ్యానులో కూర్చున్నాను.

నువ్వు దిగిన బాయిని పోయిన నెల మూసేశారు, బాపూ.