మెడెర్ రాసిపెట్టిన పని చీటీలు

కరాకోల్,
సెప్టెంబరు ఇరవై

అమ్మా సాల్కిన్, మీ మామయ్య దీవెనలు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఫోను ఉండగా కాగితమెందుకు? కానీ నేను అసలు సంగతి ఎత్తేలోగా నా మనవరాలు బేగిమాయ్ నీ చేతిలోంచి ఫోను లాక్కుని ఊడిన పన్ను గురించి చెబుతుంది. నాకదొక మంచి సాకు. అందుకే ఇది మీ నరీన్ వచ్చే వ్యాను డ్రైవరు చేతికి ఇస్తున్నాను. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ పిల్లా కులాసా అని తలుస్తాను.

నా నడుం సంగతి అడిగావు. మీ అత్తయ్య రోజూ బొరియ ఉడుత కొవ్వు రాస్తోంది. నొప్పి అలాగే ఉంది, ఆ కంపుకి చుట్టాలే రావడం మానేశారు. మన మెడెర్ ఏడాది విందుకు కోయడానికి గుర్రం కుదిరిందా అన్నావు. కుదిరింది, మా తమ్ముడు తెస్తాడు.

ఇక మూడోది. కోడ్ మార్చినప్పుడల్లా మెడెర్ కింద రాసిపెట్టిన పని చీటీలన్నీ అచ్చువేసి పంపమన్నావు. విందులో వాడి స్నేహితులు చదువుతారనీ, తర్వాత బేగిమాయ్ కోసం దాస్తాననీ. జవాబు చెప్పేముందు కాస్త చుట్టు తిరగనీ, నా అలవాటు నీకు తెలిసిందే.

రేడియోలు బాగుచేసుకునే నేను యాభై దాటాక ప్రోగ్రాములు రాయడం నేర్చాను. వాడూ నేనూ, మేత బయళ్ళు పంచిపెట్టే పచ్చిక కమిటీలకు మందల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. కొత్త కమిటీ వచ్చినప్పుడల్లా కొత్త రిపాజిటరీ పెట్టాలి: కోడ్‌కి ఫోల్డర్లు, పరీక్షలు, మార్పుల చరిత్ర. విసుగొచ్చి నేనో పనిముట్టు రాశాను. నల్ల తెర మీద ‘గుడారం’ అని కొడితే చాలు, అన్నీ వాటంతటవే లేచి నిలబడతాయి. అసలు గుడారానికైతే ముందు తలుపు చట్రం నిలబెట్టాలి. మా చిన్నాన్న ఒకసారి అది మరిచి, మొత్తం కట్టేశాక లోపలే ఉండిపోయాడు.

మెడెర్ అందులో ఒక ప్రశ్న చేర్చాడు: ‘ఇక్కడ పాత చరిత్ర ఉంది. చెరపనా?’ నేను ప్రయోగాలు చేసే ఫోల్డరులో అది రోజుకు పదిసార్లు అడిగేది.

“ఎన్నిసార్లు అవుననాలిరా దీనికి?” అన్నాను.

“ఆ ప్రశ్న నీకు కాదు నాన్నా, నీ చేతికి.”

“నా చేతికి నీకన్నా వయసెక్కువ.”

“అందుకే అడిగి చేస్తోంది. పెద్దవాళ్ళకిచ్చే మర్యాద.”

వాడు కనుమ దారిలో చనిపోయాక ఆ ప్రశ్న కనబడితే వాడి గొంతే వినబడేది. ఓర్చుకోలేక తీసేశాను.

ఏప్రిల్లో ఒక పొద్దున కొత్త కమిటీ కోసం ‘గుడారం’ కొట్టాను. పొరపాటున కొట్టింది మా పాత ఫోల్డరులో. అది నన్నేమీ అడగలేదు. ఎనిమిదేళ్ళ చరిత్ర చెరిపి, సర్వరులోని నకలు మీద కూడా కొత్తదే రాసి, ‘పూర్తయింది’ అంది. కోడ్ ఒక్క అక్షరం పోలేదమ్మా. ప్రతి మార్పు కిందా వాడు రాసిన మాటలు, నువ్వడిగిన ఆ చీటీలు, పోయాయి. వాడి లాప్‌టాప్ నలభయ్యో రోజున బట్టలతో పాటు మేనల్లుడికిచ్చాం కదా, వాడు ఆ వారమే తుడిచేసి ఆటలు పెట్టుకున్నాడు. వెతకని చోటు లేదు.

వేసవంతా నీకు ‘పంపుతున్నా’ అంటూ వచ్చాను. నిన్న మీ అత్తయ్య పట్టేసింది. “ఎన్నాళ్ళు దాస్తావు ముసలాడా? అది నీ కోడలు, పన్నుల అధికారి కాదు” అంది.

నాకు గుర్తున్నవి మూడే. ‘గొర్రెకి ఐదు కాళ్ళు వస్తున్నాయి, ఒకటి తీసేశాను.’ ‘నాన్న బాగుచేసినదాన్ని మళ్ళీ బాగుచేశాను.’ ‘బేగిమాయ్ నడిచింది. ఈవేళ ఇంతే పని.’ మాట అటూ ఇటూ అయిందేమో, నేను ఒట్టేయలేను. విందులో వీటిని చదివించాలో వద్దో నీ ఇష్టం. నన్నేమన్నా పడతాను.

ఈ ఉదయం ఒక పచ్చిక కమిటీ మనిషి వచ్చాడు. ‘గుడారం’ జోలికి పోకుండా వాళ్ళ రిపాజిటరీ ఒక్కో ఫోల్డరూ చేత్తోనే పెట్టాను. మధ్యాహ్నమైంది. ఆయన రెండు గిన్నెల టీ తాగి, టోపీ పెట్టుకుని వెళ్ళాడు.

ఇట్లు,
నీ మామయ్య
ఎసెన్‌గుల్